రెండు ఐయూఐలు ఫెయిలయ్యాక మూడోది దండగేనా?

వేకువచుక్క: నాకు 31. ట్యూబులు రెండూ తెరిచే ఉన్నాయి, మావారి రిపోర్టూ నార్మలే. గర్భం ఎందుకు రావట్లేదో కారణం తెలియదని ఫైల్లో రాశారు. ఐయూఐ రెండుసార్లు అయింది, రెండుసార్లూ పీరియడ్ వచ్చేసింది. ఇంకా ఎందుకు, ఐవీఎఫ్‌కి వెళ్లిపొమ్మంటోంది మా వదిన. మీరేమంటారు?

సూటిమాట: వదినగారిదే కరెక్ట్. ఐయూఐ అంటే వీర్యకణాల్ని సన్నటి గొట్టంతో గర్భాశయంలోకి వదిలి రావడమే. తర్వాతదంతా లోపలే, ఎక్కడ తేడా కొట్టిందో తెలీదు. ఐవీఎఫ్‌లో అండాన్నీ వీర్యకణాల్నీ ల్యాబ్‌లోనే కలుపుతారు, ఫలదీకరణ చెందిందో లేదో మర్నాడే చెప్తారు. మీలాంటి కేసుల్లో మామూలుగా ఐయూఐ ఇవ్వొద్దని బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలిచ్చే సంస్థ నైస్ 2013లోనే చెప్పింది.

ల్యాబ్‌పిల్ల: "వదిలి రావడమే" అనేశారు, నా ఉద్యోగం మొత్తం దానికి ముందే ఉందండీ! శాంపిల్ పలచబడేదాకా ఆగి, చిక్కటి ద్రావణం మీద మెల్లగా పోసి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పుతాం. చురుగ్గా కదిలేవి అడుక్కి చేరతాయి. వాటిని కడిగితే చివరికి మిగిలేది అర మిల్లీలీటరు. కడక్కుండా లోపలికి పంపితే వీర్యంలోని ప్రోస్టాగ్లాండిన్లనే రసాయనాలకు గర్భాశయం మెలిపెట్టేస్తుంది.

ఇక 2013 దగ్గరే ఆగిపోతే ఎలా? న్యూజిలాండ్ ట్రయల్ 2018లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. మొత్తం 201 జంటలు. క్లోమిఫెన్ లాంటి, అండాలు పెరగడానికిచ్చే మాత్రలతో మూడు ఐయూఐలు అయినవాళ్లలో 31 శాతం మందికి బిడ్డ పుట్టింది, ఊరికే ఆగినవాళ్లలో 9 శాతం మందికే.

సూటిమాట: ఊరికే ఆగినవాళ్లతో పోలిక అది, ఐవీఎఫ్‌తో కాదుగా. పైగా మాత్రలు ఒక్క గ్రూపుకే ఇచ్చారు. గొప్ప మాత్రదో, గొట్టానిదో ఎలా తేలుస్తారు?

ల్యాబ్‌పిల్ల: ఆ మాట ఒప్పుకుంటా.

నాలుగోసారి: నేను 39లో మొదలుపెట్టి నాలుగు చేయించుకున్నా. ఆ నెలలు తిరిగి రాలేదు. నా వయసువాళ్లు ఎవరైనా అడిగితే ఆగొద్దనే చెప్తా. కానీ 31కి నా లెక్క పెట్టకండి. చెల్లీ, వాష్ చేశాక కదిలేవి ఎన్ని ఉన్నాయో రెండు షీట్లలోనూ ఉంటుంది, చూశావా?

వేకువచుక్క: ఇప్పుడే తీశానక్కా. మొదటిసారి 11 మిలియన్లు. రెండోసారి 3. ఇది మాకెవరూ చెప్పలేదు!

ల్యాబ్‌పిల్ల: 5 దాటితే మాకు కాస్త ధైర్యంగా ఉంటుంది. రెండోదానికి ముందు ఆయనకు జ్వరమేమైనా వచ్చిందా?

వేకువచుక్క: ఐదు వారాల ముందు. నాలుగు రోజులు మంచం దిగలేదు.

ల్యాబ్‌పిల్ల: వీర్యకణం తయారవడానికే రెండు నెలల పైన పడుతుందండీ, ఆ జ్వరం దెబ్బ శాంపిల్ దాకా వచ్చి ఉండొచ్చు. ముందు ఇంకో టెస్ట్ చేయించండి. వదినగారికి జవాబు ఆ రిపోర్ట్ చూశాక చెప్పొచ్చు.