ఎంపీసీ చదివిన పిల్లోడు హిస్టరీ అంటున్నాడు: బీయేనా, బీఎస్సీనా?

కావలి నాన్న: మావాడు ఇంటర్ ఎంపీసీ. మార్కులు బానే వచ్చినాయి. ఇప్పుడు హిస్టరీ మేజర్‌తో బీయే అంటున్నాడు. ముందు బీఎస్సీ చెయ్యరా, చరిత్ర ఎప్పుడైనా చదువుకోవచ్చు అంటే వినడు. ఇంట్లో రోజూ ఇదే రచ్చ.

పెన్నాగట్టు: మీదే రైటన్నా. సివిల్స్‌కి ఏ డిగ్రీ అయినా చాలు. బీఎస్సీ చేసి హిస్టరీ ఆప్షనల్ తీసుకోవచ్చు, రెండు పేపర్లు, 500 మార్కులు. సివిల్స్ తగలకపోయినా చేతిలో సైన్సు డిగ్రీ ఉంటది.

గుండ్లకమ్మ మాస్టారు: చేతిలో ఉంటే సరా? డీఎస్సీలో సోషల్ స్కూల్ అసిస్టెంట్ పోస్టుకి డిగ్రీలో సోషల్ సబ్జెక్టులు, బీఈడీలో సోషల్ మెథడాలజీ ఉండాలి. ఎంపీసీ బీఎస్సీతో మ్యాథ్స్ పోస్టుకు పెట్టుకోవచ్చు, చరిత్ర చెప్పే పోస్టుకు కుదరదు. నేను సోషల్ టీచర్నే, చూసి చెప్తున్నా.

ఉదయగిరి కోట: మాస్టారూ, ఇవాళ చరిత్రంటే సైన్సే గదా. పాత వస్తువుల వయసు తేల్చే కార్బన్ డేటింగ్ కనిపెట్టిన లిబ్బీకి 1960లో నోబెల్ ఇచ్చింది కెమిస్ట్రీలోనే. చందవరం బౌద్ధ స్తూపం లాంటి చోట తవ్వాలంటే ల్యాబ్ తెలిసినోడు కావాలి.

గుండ్లకమ్మ మాస్టారు: కావాలి, కాదన్లా. అయితే ఆ పరీక్ష బొగ్గుకీ ఎముకకీ గింజకీ చేస్తారు. రాతి మీద చెక్కిన అక్షరాలకి చెయ్యలేరు. మోటుపల్లి రేవు శాసనం ఉంది (మొన్నటిదాకా మన ప్రకాశమే, ఇప్పుడు బాపట్లలో కలిపారు). తుపానుకు కొట్టుకొచ్చిన ఓడల్లో సరుకును పాత రాజులు లాక్కునేవాళ్ళు, తాను సుంకం మాత్రమే తీసుకుంటానని కాకతీయ రాజు గణపతిదేవుడు 1244లో వేయించాడు. ఆ అభయం ఎందుకిచ్చాడో తెలియాలంటే పాత లిపి రావాలి, సంస్కృతం రావాలి, రేవు వ్యాపారం తెలియాలి. నెల్లూరు జిల్లా శాసనాలు బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి 1905లోనే మూడు సంపుటాలుగా అచ్చేయించారు. ఇలాంటి శాసనాలు చదవడం బీఎస్సీలో ఎవరు చెప్తారు? లెక్కలొచ్చినోడు మావైపు వస్తే ఇంకా మంచిది, శాసనాల్లో పన్నుల లెక్కలు తేల్చడానికి మనిషి కావాలి.

ఒంగోలు అక్క: అంతా బానే ఉంది గానీ కాలేజీ సంగతి అడగరేం? మా పాపను చేర్చినచోట బీయే హిస్టరీలో పిల్లల్ని వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. పాఠం చెప్పే లెక్చరర్ ఉన్నాడా, మేజర్ పక్కన చదివే రెండో సబ్జెక్టు, అదే మైనర్ కింద ఏమిస్తారు, ముందు అది కనుక్కోండి.

కావలి నాన్న: మైనర్ కంప్యూటర్స్ ఇస్తారేమో సోమవారం పోయి అడుగుతా. ఇస్తే బీయేకి సరే అన్నా. వాళ్ళమ్మ ఇంకా బీఎస్సీ మీదే ఉంది.