మెక్సికో గవర్నర్ అంటే మన గవర్నర్ లాంటివాడేనా? హువారెస్ గురించి ఒక డౌట్

అవతలిఒడ్డు:
నేను అమెరికాలో ఎల్ పాసోలో ఉంటాను, మా అపార్ట్‌మెంట్ మేడెక్కితే సరిహద్దు అవతల మెక్సికో ఊరు సియుదాద్ హువారెస్ కనిపిస్తుంది. మొన్న అటు వెళ్తే చేతికొచ్చిన 500 పెసోల నోటు మీదా ఆ ఊరికి పేరిచ్చిన హువారెస్ బొమ్మే. ఎవర్ని అడిగినా ఫ్రెంచివాళ్లను తరిమిన ప్రెసిడెంటు అని అదే కథ చెబుతున్నారు. నాకు దానికి ముందు సంగతి కావాలి. గొర్రెలు కాసిన పిల్లాడు లాయరెలా అయ్యాడు? వహాకా రాష్ట్రానికి గవర్నరుగా ఏమైనా చేశాడా, లేక మన గవర్నర్లలాగా సంతకాలేనా?

పాతబైండు:
అక్కడ గవర్నరంటే మన లెక్కలో ముఖ్యమంత్రి అండీ, రాష్ట్రాన్ని నడిపేది ఆయనే.
బెనితో హువారెస్ 1806లో గెలతావ్ అనే కొండ ఊళ్లో జపోటెక్ అనే ఆదివాసీ జాతి కుటుంబంలో పుట్టాడు, మూడేళ్లకే అమ్మానాన్నా పోయారు. 12వ ఏట కాలినడకన వహాకా నగరం వెళ్లాడు, అక్కడ అక్క ఒకరింట్లో వంట చేసేది (తర్వాత 1843లో హువారెస్ పెళ్లాడింది ఆ ఇంటి పిల్ల మార్గరీతానే!). అప్పటికి స్పానిష్ కూడా సరిగా రాదు. సలనుయేవా అని పుస్తకాలు బైండింగ్ చేసే ఒకాయన చేరదీసి, పాదిరీని చేద్దామని సెమినరీలో వేశాడు, ఈయనేమో అది వదిలి లా చదివి 1834లో పట్టా తీసుకున్నాడు. ఆ రోజుల్లోనే లోషిచా ఊరివాళ్లు మా పాదిరీ రుసుముల పేరుతో పీడిస్తున్నాడని వస్తే కేసు పట్టాడు. పాదిరీల మీద ఫిర్యాదు వినేది చర్చి కోర్టే కదా, చివరికి ఊరివాళ్లూ జైల్లో, వాళ్ల లాయరూ జైల్లో. ఆ దెబ్బతోనే ప్రత్యేక హక్కులున్న వర్గాల బలం తీసేయాలని గట్టిగా అనుకున్నానని పిల్లల కోసం రాసుకున్న నోట్స్‌లో ఆయనే చెప్పాడు. 1855లో న్యాయశాఖ మంత్రి కాగానే చర్చి కోర్టులకూ సైనిక కోర్టులకూ కత్తెర వేశాడు.

వహాకాపిచ్చి:
గవర్నరుగిరీ 1847 నుంచి 1852 దాకా. అవతల అమెరికాతో యుద్ధం ఓడిపోతున్నారు, ఇవతల ఖజానా ఖాళీ. ఆ స్థితిలో బడులు తెరిపించాడు, రోడ్లు వేయించాడు, అప్పులు తగ్గించాడు. యుద్ధంలో ఓడి తిరుగుతున్న సైన్యాధిపతి, మాజీ ప్రెసిడెంటు సాంతా అన్నా వహాకాలోకి వస్తానంటే రానివ్వలేదు. అది సాంతా అన్నా మర్చిపోలేదు, 1853లో మళ్లీ గద్దెనెక్కగానే హువారెస్‌ని దేశం దాటించాడు. నిన్నటి గవర్నరు న్యూ ఆర్లీన్స్‌లో చుట్టలు చుట్టి పొట్ట పోసుకున్నాడు!
నన్ను కదిలించేది మాత్రం ఇంకోటి. 1850లో కలరా వచ్చింది, ఆయన కూతురు గ్వాదలూపే పోయింది. శవాలను చర్చిలో పూడ్చకూడదని చట్టం, గవర్నరు కుటుంబానికి మాత్రం మినహాయింపు ఉంది. ఆయన అది వాడుకోలేదు, బిడ్డను తనే ఊరి శ్మశానానికి తీసుకెళ్లాడు.

ఉప్పుకల్లు:
అంతా నిజమే అన్నా, కానీ అదే వహాకాలోని హుచితాన్ ఊరి మాట ఎవరూ ఎత్తరేం? అక్కడివాళ్లూ జపోటెక్‌లే. తరతరాలుగా ఉప్పు తీసుకుంటున్న మడులు ప్రైవేటు చేతుల్లోకి పోతే తిరగబడ్డారు. వాళ్ల మీదికి సైన్యాన్ని పంపింది ఈ గవర్నరే, 1850లో ఊళ్లో చాలా భాగం తగలబడింది కూడా. వాళ్లు తన జాతివాళ్లే అయినా, చట్టం పుస్తకం పట్టుకున్నాక ఆయనకు వాళ్లు ఉప్పు తీసుకోవడం దొంగతనంగానే కనబడింది. లోషిచా కోసం జైలుకెళ్లిన మనిషేనా అనిపిస్తుంది నాకు.

వహాకాపిచ్చి:
ఒప్పుకుంటా, అందులో వెనకేసుకురావడానికేం లేదు. చట్టం ముందు అందరూ సమానం అనే పట్టుదలే రెండు చోట్లా ఉంది, ఒక చోట అది పాదిరీకి తగిలింది, ఇంకో చోట ఉప్పు అమ్ముకునేవాడికి తగిలింది.

అవతలిఒడ్డు:
థాంక్స్ అందరికీ. హుచితాన్ గురించి ఇంకా చదువుతా.

పాతబైండు:
చదవండి. అన్నట్టు ఆ 500 నోటు జాగ్రత్త, పాత 20 పెసోల నోటు మీదా ఆయనే, రెండూ నీలమే.