సోఫా పనిలో కొత్తవాళ్లకు ముందు ఏది చేతికివ్వాలి: సుత్తా, గన్నా?

నెల్లూరు ఆటోనగర్ నుంచి:
మా షాపులో లారీ సీట్లు, సోఫాలు రెండూ చేస్తాం. కొత్తగా ఇద్దరు కుర్రాళ్లు చేరారు. సుత్తి, మేకులతో మొదలుపెట్టాలని మా మేస్త్రీ అంటాడు. గాలితో స్టేప్లర్ పిన్నులు కొట్టే ఎయిర్ గన్ ఇస్తే తొందరగా అక్కరకొస్తారని నేనంటాను. పని తెలిసినవాళ్లు చెప్పండి.

ఒంగోలు నుంచి:
గన్నే ఇవ్వండి. ఇప్పుడు మేకులు కొట్టే షాపు ఎక్కడుంది? నెల రోజులు మేకులు కొట్టిస్తే కుర్రాళ్లు సెల్‌ఫోన్ షాపులో చేరిపోతారు. మనకూ కూలి గిట్టాలి కదా. పైగా పనిముట్లు ఎవరు కొంటారు? కేంద్రం పెట్టిన పీఎం విశ్వకర్మ పథకంలో 15,000 రూపాయల టూల్‌కిట్ ఇచ్చే 18 వృత్తుల్లో వడ్రంగి ఉన్నాడు, దర్జీ ఉన్నాడు, మన పని లేదు.

కావలి నుంచి:
అన్నా, కూలి మాట నిజమే. కానీ ముందే గన్ ఇస్తే కుర్రాడికి గన్ నొక్కడం వస్తుంది, బట్ట లాగడం రాదు. ఈ పనంతా లాగడంలోనే ఉంది.

మేకును సగం దాకా కొట్టి వదిలేయొచ్చు. ముందు అంచు మధ్యలో ఒకటి, వెనక మధ్యలో ఒకటి, తర్వాత రెండు పక్కలా. అరచేత్తో సీటు మధ్య నుంచి అంచుకు నిమిరితే ఎక్కడ వదులుందో తెలుస్తుంది. అక్కడి మేకు పీకి, ఇంకొంచెం లాగి మళ్లీ కొట్టాలి. మూలలు ఆఖర్న. ముందే మూలలు బిగిస్తే మధ్యలో ముడత పడుతుంది, ఇక అది పోదు. గన్ పిన్ను దిగిందంటే రెండు కాళ్లూ చెక్కలోనే. పీకితే రెగ్జిన్ చిరుగుతుందని భయం. అందుకే కొత్తవాడు తప్పు కనిపించినా పీకడు, పక్కన ఇంకో పిన్ను కొడతాడు. కంప్రెసర్ గాలి కాస్త ఎక్కువైతే పిన్ను రెగ్జిన్‌ను కోసేస్తుంది, తక్కువైతే పైకి లేచి నిలబడుతుంది. చెక్క ఎంత గట్టిదో సుత్తి పట్టిన చేతికే ముందు తెలుస్తుంది.

అసలు నన్నడిగితే సుత్తి కంటే ముందు ఊడదీయడం నేర్పాలి. మన దగ్గరికి వచ్చేవి ఎక్కువ పాత సోఫాలే. మేకులు లేపే ఉలిని చెక్క నార వెంటే నడపాలి, అడ్డంగా కొడితే ఫ్రేము అంచు పెళ్లగిలిపోతుంది. పాత కవరు చిరగకుండా వస్తే కొత్తదానికి అదే కొలత. బట్ట కింద స్పాంజి, దాని కింద గోనె, ఆ కింద నవారు, ఏది దేని మీద వచ్చిందో కుర్రాడు కళ్లారా చూస్తాడు. మైపాడు లాంటి సముద్రపు ఊళ్ల నుంచి వచ్చిన సోఫాల్లో పిన్నులు తుప్పుపట్టి, పీకేటప్పుడు తల తెగి కాళ్లు చెక్కలో ఉండిపోతాయి. పటకారుతో వాటిని లాగాలి, రాకపోతే లోపలికి దిగ్గొట్టాలి. వదిలేస్తే కొత్త బట్టను కోస్తాయి.

ఒక్కటి మాత్రం నేర్పకండి, మేకులు నోట్లో పెట్టుకోవడం. అయస్కాంతం ఉన్న సుత్తి దొరుకుతుంది. ఒక కొసకు మేకు అతుక్కుంటుంది, దాంతో గుచ్చి, తిప్పి రెండో కొసతో కొట్టాలి. ఆ సుత్తి, పటకారు, వంకర సూది, అన్నీ కలిపినా కంప్రెసర్ ఖర్చు కాదు.

ఒంగోలు నుంచి:
ఊడదీయడం ముందు అన్నది ఒప్పుకుంటాను. నెల రోజుల సుత్తి మాత్రం ఒప్పుకోను. ఇంకో సంగతి, లారీ సీట్లకు ఇనుప ఫ్రేము. అక్కడ మేకు ఎక్కడ దిగుతుంది? రింగులు, బైండింగ్ వైరే కదా.

కావలి నుంచి:
లారీ సీటు సంగతి మీరన్నదే కరెక్టు. అందుకే వాళ్లను దాంతో మొదలుపెట్టించొద్దు. డైనింగ్ కుర్చీ సీటు ఇవ్వండి, విప్పితే చేతికొస్తుంది, నాలుగు వైపులా చెక్క. నెల కూడా అక్కర్లేదు. మేకులతో సగం బిగించి మేస్త్రీకి చూపించాలి. ఆయన చెయ్యి పెట్టి చూసి సరే అన్నాక, అదే సీటుకు గన్‌తో పిన్నులు కొట్టి మేకులు పీకేయమనండి. మీ పనీ ఆగదు, వాళ్లకు లాగడమూ వస్తుంది.