చర్మంలో గ్రాన్యులోమా: మనల్ని కాపాడే గోడా, క్రిమికి ఇల్లా?

జాలరిపేట కుర్రాడు:
మా బాబాయి విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో చేపలు దించే పని చేస్తాడు. ముల్లు గుచ్చుకున్న వేలి మీద మూడు వారాలకి ఎర్రగా గడ్డ లేచింది, పెద్దగా నొప్పి లేదు గానీ నెలలైనా తగ్గలేదు, పైగా మణికట్టు వైపు ఇంకో రెండు వరసగా పుట్టాయి. ముక్క తీసి టెస్టుకి పంపితే గ్రాన్యులోమా, మైకోబాక్టీరియం మారినం (టీబీ క్రిమికి చుట్టమైన నీళ్ల బాక్టీరియా అట) అని వచ్చింది. డాక్టరుగారేమో గ్రాన్యులోమా అంటే క్రిమి చుట్టూ ఒళ్లు కట్టుకున్న గోడ, మంచిదే అన్నారు. మంచిదైతే వేలు ఇలా ఎందుకైంది?

ఎంవీపీ పాథాలజిస్ట్:
తమ్ముడూ, ఆయన చెప్పింది తప్పేం కాదు. క్రిముల్ని మింగే రక్షణ కణాన్ని మాక్రోఫేజ్ అంటాం, మింగిన క్రిమిని అది అరిగించుకోలేకపోతే టి కణాలనే ఇంకో రకం రక్షణ కణాలు వచ్చి ఇంటర్‌ఫెరాన్ గామా అనే సంకేత రసాయనం వదులుతాయి, దాంతో మాక్రోఫేజ్‌లు ఉబ్బి ఒకదాన్నొకటి అంటుకుని కూర్చుంటాయి, కొన్ని కలిసిపోయి ఒకే పెద్ద కణం అవుతాయి. స్లైడు మీద దాని కేంద్రకాలు గుర్రపు నాడాలా అంచునే వరసగా ఉంటాయి, ఒకసారి చూస్తే మర్చిపోరు. ఈ కట్టడాన్ని నిలబెట్టేది టీఎన్‌ఎఫ్ అనే ఇంకో సంకేత రసాయనం. దాన్ని అడ్డుకునే ఇన్‌ఫ్లిక్సిమాబ్ అనే కీళ్లవాతం మందు వాడినవాళ్లలో అణిగి ఉన్న టీబీ లేస్తోందని 2001లోనే బయటపడింది. గోడ కూలితే ఏమవుతుందో ఇంకేం చూపించాలి?

మధురవాడ ల్యాబ్:
మేడమ్, టీఎన్‌ఎఫ్ సంగతి ఒప్పుకుంటాను, కానీ అంతమాత్రాన గోడ మంచిదే అని తేల్చేయడం నాకు నచ్చలేదు. ఇదే మారినం క్రిమిని జీబ్రాఫిష్ అనే చిన్న ల్యాబ్ చేప పిల్లల్లోకి ఎక్కించి శాస్త్రవేత్త లలితా రామకృష్ణన్ బృందం 2009లో చూపించింది కదా, చచ్చిపోతున్న మాక్రోఫేజ్‌ని తినడానికి కొత్తవి వస్తాయి, దాంతోపాటు క్రిమినీ మింగి దానికి అవే కొత్త ఇళ్లవుతాయి, కొన్ని బయటికి పోయి ఇంకోచోట గ్రాన్యులోమా మొదలుపెడతాయి. పైగా ఈ క్రిమి 30–32 డిగ్రీల్లో బాగా పెరుగుతుంది, ఒంటి లోపలి 37 దానికి పడదు, చేతుల దగ్గరే ఆగడానికి అదో పెద్ద కారణం, ఆ ఘనతంతా గోడకే ఇస్తే ఎలా? కుష్టు చూడండి. ట్యూబర్క్యులాయిడ్ రకంలో క్రిములు దాదాపు కనిపించవు, అయినా నరాన్ని పాడుచేసేది ఆ గ్రాన్యులోమానే. చెయ్యి మొద్దుబారి వచ్చిన మనిషికి అది మంచిదని నేను చెప్పలేను.

ఎంవీపీ పాథాలజిస్ట్:
నరం మాట నిజమే, దానికి నా దగ్గర జవాబు లేదు. కానీ అదే కుష్టులో టి కణాలు పట్టించుకోని లెప్రోమాటస్ రకంలో మాక్రోఫేజ్‌ల నిండా క్రిములు కట్టలు కట్టలుగా ఉంటాయి. టి కణాలు మాక్రోఫేజ్‌లకి క్రిమిని చంపే బలం ఇచ్చాయా లేదా అన్నదే నేను చూస్తాను. మీరు చెప్పిన చేపపిల్లలకి ఆ వయసులో పనిచేసే టి కణాలే ఉండవు, మర్చిపోకండి. తమ్ముడూ, బాబాయి చేత మందులు నెలల తరబడి వాడించాలి, గడ్డలు పోయాక కూడా ఇంకో నెలో రెండు నెలలో.

జాలరిపేట కుర్రాడు:
గడ్డ తగ్గుతోందని నిన్ననే మాత్రలు ఆపేశాడక్కా. ఇప్పుడే ఫోన్ చేస్తున్నా.