అప్‌డేట్: బాలింతకు ఏమిచ్చామంటే

సిజేరియన్ అయిన తోడికోడలికి, బిడ్డ బట్టలు కాకుండా తనకే పనికొచ్చేది ఏమివ్వాలని అడిగాను కదా. చివరికి నైటీలు, ఫ్లాస్కు, నువ్వుల ఉండలు ఖాయమయ్యాయి.

నైటీలు మెత్తటి కాటన్‌వి, ఎదమీద రెండు పక్కలా నిలువు జిప్పులున్నవి. మధ్యలో ఒకటే జిప్పయితే పాలిచ్చేటప్పుడు మొత్తం తెరుచుకుంటుంది. జిప్పు మీద గుడ్డ పట్టీ లేకపోతే బిడ్డ చెంప గీరుకుంటుంది. సైజు మామూలుకన్నా ఒకటి పెద్దది. గంజి, అదనపు రంగు పోయేలా రెండుసార్లు ఉతికి ఇవ్వాలి. ప్యాంటు సెట్లు అసలు వద్దు, ఎలాస్టిక్ సరిగ్గా కుట్ల దగ్గరే ఒత్తుతుంది.

ఫ్లాస్కు లీటరుది, ఒంటిచేత్తో తెరిచేది. దాహమేసేది పాలిచ్చేటప్పుడే, అప్పుడు రెండో చెయ్యి ఖాళీ ఉండదు.

ఉండలకు పావుకిలో నువ్వులు, 200 గ్రాముల బెల్లం. నువ్వులు సన్నసెగన చిటపటలాడేదాకా వేయించి, పూర్తిగా చల్లారాకే బెల్లంతో కలిపి మిక్సీలో ఆపి ఆపి తిప్పాలి. వేడిమీద తిప్పితే నూనె వదిలి ముద్దవుతుంది. మాడితే చేదు, దానికి విరుగుడు లేదు. షుగర్ ఉన్న బాలింతకైతే ఇవి మానేయండి.

తేనె సీసా కూడా పెట్టమని కొందరన్నారు. తల్లి తినొచ్చు గానీ, ఇంట్లో పెద్దవాళ్ళెవరో ఒకరు బిడ్డ నాలుకకు రాస్తారు. బిడ్డకు ఏడాది నిండేదాకా తేనెతో బొటులిజం (నరాలను దెబ్బతీసే ప్రమాదకరమైన జబ్బు) భయం, అందుకే పెట్టలేదు.