కెప్టెన్ క్రౌథర్ ఆ ఉద్యోగాన్ని వదులుకోవడం సబబేనా? 'క్యారీ ఆన్ క్రూయిజింగ్' (1962) ముగింపుపై చర్చ

పాతరీలు:
బ్రిటిష్ హాస్య చిత్రాల 'క్యారీ ఆన్' వరుసలో ఆరోదీ, రంగుల్లో వచ్చిన మొదటిదీ అయిన ఈ సినిమాను నిన్న మళ్లీ చూశాను. చూడనివారి కోసం కథ క్లుప్తంగా చెబుతాను. 'హ్యాపీ వాండరర్' అనే విహారనౌకకు వెల్లింగ్టన్ క్రౌథర్ (సిడ్ జేమ్స్) కెప్టెన్. ఓడ బయలుదేరే వేళకు ఆయన సిబ్బందిలో ఐదుగురు మారిపోయి, పని చేతకాని కొత్తవాళ్లు వచ్చి చేరతారు. ఎదుటివాళ్ల మనసును విశ్లేషించే పిచ్చి ఉన్న ఫస్ట్ ఆఫీసర్ (కెనెత్ విలియమ్స్), ప్రయాణికురాలిపై మనసు పారేసుకునే డాక్టరు (కెనెత్ కానర్), ఓడ ఊగితే కడుపులో తిప్పే వంటవాడు (లాన్స్ పెర్సివల్), కెప్టెనుకు ప్రీతిపాత్రమైన 'అబెర్డీన్ యాంగస్' అనే పానీయం కలపడం రాని బార్ ఉద్యోగి వాళ్లలో ఉన్నారు. క్రౌథర్‌కు అట్లాంటిక్ దాటే పెద్ద ఓడకు కెప్టెన్ కావాలని కోరిక. చివరికి ఈ ఓడలో ఆయనకు పదేళ్లు నిండిన సందర్భంగా సిబ్బంది చెప్పాపెట్టకుండా విందు ఏర్పాటు చేస్తారు, వంటవాడు నానా రుచులు కలిపిన కేకు చేసి పెడతాడు. కోరుకున్న ఉద్యోగం వచ్చిందని తంతి అందినా, అక్కడ ఈ ఆత్మీయత ఉండదని క్రౌథర్ ఆగిపోతాడు.

నా దృష్టిలో ఈ వరుసలో ఇంత మనసున్న ముగింపు మరొకటి లేదు. రచయిత నార్మన్ హ్యూడిస్ ఈ వరుసకు రాసిన చివరి సినిమా ఇదే. మరుసటి ఏడాది టాల్బట్ రాత్వెల్ కలం పట్టాక ద్వంద్వార్థాలు పెరిగాయి, ఈ మెత్తదనం పోయింది. అయినా ఈ ముగింపును చప్పగా ఉందని తీసిపారేసేవారు చాలామంది కనిపిస్తారు. ఎందుకో చెప్పగలరా?

మూడోబెంచీ:
చప్పగా ఉంది కాబట్టి, చప్పగా ఉందంటారు.

వాల్తేరు వంటగది:
ముగింపు సంగతి తరువాత చూద్దాం. ముందు ఆ వంటవాడి సంగతి తేల్చాలి. సముద్రం పడనివాడు పనికిమాలినవాడన్నట్టు చూపించి నవ్వించడం నాకు ఏనాడూ రుచించలేదు. ఇంగ్లండు నౌకాదళానికి తలమానికమైన అడ్మిరల్ నెల్సన్‌కే జీవితాంతం సముద్రం పడలేదు. చెవి లోపలి భాగం కదలికను పసిగడుతూ ఉంటే, నాలుగు గోడల మధ్య ఉన్న కళ్లు మాత్రం ఏదీ కదలడం లేదని చెబుతాయి. ఆ వైరుధ్యం వల్లే కడుపులో తిప్పుతుంది. కిటికీ లేని వంటగదిలో, నూనె వాసన మధ్య నిలబడ్డవాడికి అది రెట్టింపవుతుంది.

నేను విశాఖ నుంచి వెళ్లి సరకు ఓడల్లో పన్నెండేళ్లు రెండో వంటవాడిగా పనిచేశాను. ఓడలో పొయ్యి చుట్టూ గిన్నెలు జారకుండా ఇనుప కడ్డీల అడ్డు ఉంటుంది. గాలి రోజుల్లో గిన్నెలో సగానికి మించి పప్పు పోయకూడదు. బల్ల మీద తడిగుడ్డ పరిస్తేనే కంచాలు నిలుస్తాయి. మొదటిసారి ఓడెక్కిన ఒక కాకినాడ కుర్రవాడు పక్కన బకెట్ పెట్టుకుని, మధ్యమధ్య అందులోకి వంగుతూనే, మొత్తం సిబ్బందికి చపాతీలు ఒత్తాడు. ఒక్కటి కూడా తగ్గలేదు. అయినా నాటకాలాడుతున్నాడని పెద్ద వంటవాడు పైకి రాసి పంపితే, సింగపూరులో దించేసి ఇంటికి పంపారు. ఆ వేషం చూసినప్పుడల్లా నాకు ఆ కుర్రవాడే గుర్తొస్తాడు.

పాతరీలు:
మీ అనుభవాన్ని కాదనను. కానీ సినిమాలో ఆ వంటవాణ్ణి దించెయ్యలేదు కదా? చివరికి అందరి మెప్పు పొందేది అతని కేకే.

వాల్తేరు వంటగది:
మెప్పు పొందితే గానీ మనిషి కాడా?

తెరవెనుక:
ఇద్దరూ లేని సముద్రం గురించి వాదించుకుంటున్నారు. ఈ సినిమా 1962 జనవరి, ఫిబ్రవరి నెలల్లో పైన్‌వుడ్ స్టూడియోలో తయారైంది. డెక్కు, కేబిన్లు, భోజనశాల అన్నీ సెట్లే. కనిపించే నిజమైన ఓడలు ఎక్కడో తీసి ఉంచిన తునకల్లోవి. మధ్యధరా ఎండలో తిరుగుతున్నట్టు నటించినవాళ్లందరూ ఇంగ్లండు చలికాలంలో, గోడల మధ్య నిలబడి ఉన్నారు. ఊగని ఓడలో కడుపు తిప్పడం గురించి ఇంత ఆవేశం అవసరమా?

వాల్తేరు వంటగది:
అయ్యా, మాయాబజారులో లడ్డూలు వాటంతట అవే ఎగరలేదని చెబితే ఆ పాట ఆనందం తగ్గిపోతుందా?

మేఖల, రెడింగ్:
తెరవెనుక గారు చెప్పిన స్టూడియో గోడల దగ్గరే అసలు కథ ఉందని నా అభిప్రాయం. ఆ వంటవాడి వేషం మొదట చార్లెస్ హాట్రీ కోసం అనుకున్నది. పేర్ల వరుసలో తన పేరు ముందుండాలని ఆయన పట్టుబట్టగా, నిర్మాత పీటర్ రోజర్స్ ఒప్పుకోకుండా ఆయన్ని తప్పించి లాన్స్ పెర్సివల్‌ను తెచ్చాడు. మొదటి నాలుగైదు సినిమాలను మోసినవారిలో ఒకరికి దక్కిన మర్యాద అది. సిడ్ జేమ్స్, కెనెత్ విలియమ్స్ వంటి ప్రధాన నటులకు సినిమాకు 5,000 పౌండ్ల దగ్గర పారితోషికం నిలిచిపోయి ఏళ్లు గడిచాయి, నటీమణులకు అందులో దాదాపు సగమే. టెలివిజన్‌లో ఎన్నిసార్లు వేసినా వాళ్లకు వాటా రాలేదు. అలాంటి సంస్థ తీసిన సినిమాలో, మంచి ఉద్యోగం వస్తే వద్దనుకుని ఉన్నచోటే ఉండిపోయిన మనిషిని గొప్పవాడిగా చూపించడం యాదృచ్ఛికమని నేను అనుకోలేను.

పాతరీలు:
ఇది మరీ దూరం లాగడం. క్రౌథర్ ఆగింది యాజమాన్యం కోసం కాదు, తన మనుషుల కోసం. పారితోషికాల లెక్కకూ కథకూ ముడిపెడితే ఏ సినిమానూ చూడలేము. పైగా హాట్రీ మరుసటి ఏడాదే 'క్యారీ ఆన్ క్యాబీ'లో తిరిగొచ్చారు.

మేఖల, రెడింగ్:
తిరిగిరాక ఏం చేస్తారు? వేరే గతి లేనివాడు తిరిగిరావడాన్ని మీరు ఆత్మీయత అంటున్నారు.

మూడోబెంచీ:
ఈ చర్చ ఓడకంటే ఎక్కువ ఊగుతోంది.

పాతరీలు:
గతి లేక ఆగినవాళ్లూ, మనసు ఒప్పక ఆగినవాళ్లూ మీకు ఒకేలా కనిపిస్తున్నారు. నేను ఒకే కార్యాలయంలో ఇరవై ఆరేళ్లు చేశాను. మధ్యలో హైదరాబాదుకు పదోన్నతిపై బదిలీ వచ్చింది. మా విభాగంలో పదకొండు మందిమి. ఒకరింట్లో పెళ్లయితే మిగిలిన పదిమందీ వడ్డనకు నిలబడేవాళ్లం. నేను వెళ్లలేదు. మీ లెక్క ప్రకారం నేను యాజమాన్యం చేతిలో మోసపోయిన అమాయకుణ్ణి. మీరు సినిమాను కాదు, నాలాంటివాళ్ల బతుకును తప్పుపడుతున్నారు. ఆ మాట నేరుగా అనండి.

మేఖల, రెడింగ్:
నేరుగానే అంటాను, కోపం తెచ్చుకోకండి. నేను నర్సును. ఇంగ్లండుకు వచ్చిన కొత్తలో ఒక ఆసుపత్రిలో ఆరేళ్లు చేశాను. ఎవరు సెలవు పెట్టినా ఆ డ్యూటీ నాకే వచ్చేది, ఎందుకంటే మనమంతా ఒక కుటుంబం అనేవారు. పైస్థాయి పోస్టు వేరేచోట దొరికి రాజీనామా ఇచ్చినప్పుడు, నా పుట్టినరోజుకు కేకు కోసిన వాళ్లే పది రోజులు నాతో మాట్లాడలేదు. కృతజ్ఞత లేదన్నారు. మీరు ఆగినందుకు నాకు చిన్నచూపు లేదు. ఆగినవాళ్లను పొగిడే ప్రతి కథా వెళ్లినవాళ్లకు ఒక తిట్టు చుడుతుందని మాత్రమే నా బాధ.

తెరవెనుక:
ఈ సినిమాలోనే ఇంకొక లెక్క ఉంది. డాక్టరు మనసు పారేసుకునే ప్రయాణికురాలు ఫ్లో పాత్ర జోన్ సిమ్స్ చేయాల్సింది. ఆమె జబ్బుపడితే షూటింగు మొదలయ్యే ముందు హడావుడిగా డిలిస్ లే వచ్చారు. అంటే తెర మీదా తెర వెనుకా అనుకోకుండా వచ్చిన కొత్తవాళ్లే పని నెట్టుకొచ్చారు. మారినవాళ్లు ఎక్కడికి వెళ్లారని మాత్రం ఎవరూ అడగరు.

వాల్తేరు వంటగది:
నేను అడుగుతున్నాను. కథ మొదట్లో ఓడ దిగిపోయిన ఐదుగురు కూడా క్రౌథర్ మనుషులే. వాళ్లలో పాత బార్ ఉద్యోగికి తంతి ఇచ్చి ఆ పానీయం ఎలా కలపాలో తెప్పించుకుంటేనే చివరి విందు నిండుగా జరిగింది. వెళ్లినవాడు చెయ్యి సాయం చేశాడు, వాణ్ణి ఎవరూ కృతఘ్నుడు అనలేదు. మేఖల గారు ఆ సంగతి వదిలేశారు, పాతరీలు గారూ వదిలేశారు.

మేఖల, రెడింగ్:
ఆ తంతి సంగతి నాకు తట్టలేదు. ఒప్పుకుంటాను. అయితే హాట్రీ విషయంలో నా మాట మార్చుకోను.

పాతరీలు:
నాకూ తట్టలేదు. మేఖల గారూ, మిమ్మల్ని మాట్లాడకుండా వెలివేసినవాళ్లు చేసింది తప్పు. మా విభాగంలో ఒకతను బెంగళూరుకు వెళ్లిపోయినప్పుడు నేనూ అతని వీడ్కోలు విందుకు వెళ్లలేదు. కారణం ఏదో చెప్పుకున్నాను. క్రౌథర్ చేసింది సబబని మాత్రం ఇప్పటికీ అంటాను.

మేఖల, రెడింగ్:
మీరు పదవీ విరమణ చేసినప్పుడు ఆ పదిమందీ మీకు ఏమిచ్చారు?

పాతరీలు:
గోడ గడియారం. అందరి పేర్లూ చెక్కించారు, బెంగళూరు వెళ్లినతని పేరుతో సహా. అతను డబ్బు పంపాడట.

మూడోబెంచీ:
నడుస్తోందా?

పాతరీలు:
సెల్లు మారిస్తే నడుస్తుంది. పది నిమిషాలు వెనక.