పీహెచ్‌క్యూ-9 జవాబు సవరించినా రిపోర్టులో పాత స్కోరే

తిరుపతిలో ఒక క్లినిక్ కోసం ఫైర్ ఆర్4లో (ఆరోగ్య సమాచారాన్ని కంప్యూటర్ల మధ్య పంచుకునే ప్రమాణం) పీహెచ్‌క్యూ-9 ఫారం, అంటే డిప్రెషన్ తీవ్రతను కొలిచే ప్రశ్నావళి, తయారుచేశాను. తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3. జవాబులు క్వశ్చనేర్ రెస్పాన్స్‌లో (నింపిన ఫారం రికార్డు) సరిగానే చేరుతున్నాయి. మొత్తం స్కోరును లాయింక్ (వైద్య పరీక్షలు, కొలతల ప్రామాణిక కోడ్ల జాబితా) 44261-6 కోడ్‌తో అబ్జర్వేషన్‌గా, అంటే ఒక కొలత రికార్డుగా, తీసి డయాగ్నస్టిక్ రిపోర్టుకు జతచేశాను.

చిక్కు సవరణ దగ్గర వచ్చింది. నర్సు మూడో ప్రశ్న, అంటే నిద్ర గురించినది, 1 నుంచి 3కు మార్చి ఫారం స్థితిని ‘అమెండెడ్’ (సవరించినది) చేసింది. ఫారంలో 14, రిపోర్టులో ఇంకా 12! డాక్టరు చూసేది రిపోర్టునే మరి.

స్కోరును మళ్లీ తీయిస్తే రెండో అబ్జర్వేషన్ పుట్టి రెండూ కనిపిస్తున్నాయి. స్కోరు ఏ ఫారం నుంచి వచ్చిందో చెప్పే ‘డిరైవ్‌డ్ ఫ్రమ్’ లంకె పెట్టినా స్కోరు దానంతట అది మారలేదు. రెస్పాన్స్‌నే రిపోర్టు ఫలితంగా పెట్టబోతే వాలిడేటర్ (నియమాలు సరిచూసే సాధనం) తిప్పికొట్టింది. అక్కడ అబ్జర్వేషన్‌కే చోటట.

ఇలాంటప్పుడు పాత అబ్జర్వేషన్‌నే అదే ఐడీతో దిద్దాలా, లేక దాన్ని ‘ఎంటర్డ్ ఇన్ ఎర్రర్’ (పొరపాటున నమోదైంది) చేసి కొత్తది జతచేయాలా?